క్లాసులో నోరు పెగలడం లేదు. నన్ను పొరపాటున తీసుకున్నారా?

రెండోవరుస
ఎంబీఏలో చేరి ఐదు వారాలైంది. రెండేళ్ళ కోర్సు. అంతకుముందు ఆరేళ్ళు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేశాను. ఇక్కడ చదువంతా కేసుల మీదే నడుస్తుంది. ఒక కంపెనీ ఇరుకున పడిన కథ పదిహేను పేజీలు ఇస్తారు. రాత్రి అది చదివి, వెనక ఉన్న పట్టికలతో లెక్కలు వేసుకుని, మనమైతే ఏం చేస్తామో తేల్చుకుని పొద్దున వెళ్ళాలి. ప్రొఫెసర్ పాఠం చెప్పరు, అడుగుతూ పోతారు. మనం మాట్లాడినదానికి మార్కులు. రెండు సబ్జెక్టుల్లో సగం మార్కులు దానికే.

చదవకుండా వెళ్ళడం లేదు నేను. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటున్నాను. చెప్పాల్సింది నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను కూడా. తెలుగులో అనుకున్నది ఇంగ్లీష్‌లో పేర్చుకుని చెయ్యి ఎత్తేలోపు ఆ మాట ఇంకెవరో అనేస్తారు, చర్చ వేరేచోటికి పోతుంది. ఐదు వారాల్లో నాలుగు సబ్జెక్టులూ కలిపి మూడంటే మూడుసార్లు మాట్లాడాను. అందులో ఒకటి ప్రొఫెసర్ పేరు పెట్టి పిలిచినప్పుడు. కావలసిన అంకె నా కాగితం మీదే ఉంది, కళ్ళెదురుగా కనబడుతోంది. గొంతులోంచి మాట రాలేదు. ఆయన కాసేపు చూసి పక్కవాళ్ళని అడిగారు.

నిన్న ఆ ప్రొఫెసర్ నుంచే మెయిల్ వచ్చింది. క్లాసులో నా మాట సరిపోవడం లేదట, వచ్చి కలవమన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. బ్యాంకుల నుంచి, కన్సల్టింగ్ నుంచి వచ్చినవాళ్ళు గలగలా మాట్లాడుతుంటే, అడ్మిషన్ వాళ్ళు నన్ను పొరపాటున తీసుకున్నారేమో అనిపిస్తోంది. మీలో ఎవరికైనా ఇలా అయిందా? ఏం చేశారు?

గుడ్లగూబ_2
నాకు అయింది. మొదటి టర్మ్ మొత్తం. ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వు రాసింది చదువుతుంటే నా డైరీ ఎవరో తెరిచినట్టుంది.

అంకెలబావి
కంగారు పడేముందు ఒక చిన్న లెక్క వేద్దాం. మీ సెక్షన్‌లో ఎంతమంది? క్లాసు ఎన్ని నిమిషాలు? టర్మ్‌లో ఒక్కో సబ్జెక్టుకి ఎన్ని క్లాసులు?

రెండోవరుస
90 మంది. 80 నిమిషాలు. ఒక్కో సబ్జెక్టుకి 30 క్లాసులు. ఇప్పటికి పదేసి అయ్యాయి.

మళ్ళీ_మొదటిరౌండ్
కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. పోయిన ఏడాది రెండు స్కూళ్ళు నన్ను వెయిట్‌లిస్ట్‌లో పెట్టి, నాలుగు నెలలు ఆశ చూపించి, చివరికి కుదరదన్నాయి. ఈసారి మొదటి రౌండ్‌లో మళ్ళీ అప్లై చేసి ఇంటర్వ్యూ పిలుపు కోసం రోజూ మెయిల్ చూసుకుంటున్నాను. సీటు చేతిలో ఉన్నవాళ్ళు "నన్నెందుకు తీసుకున్నారు" అంటుంటే నాకు గుండె కలుక్కుమంటోంది.

చుక్కలలేడి
@మళ్ళీ_మొదటిరౌండ్ నీ బాధ నిజమే. తన బాధా నిజమే. సీటు దొరికితే భయం పోతుందని నేనూ అనుకున్నాను, చేరిన మొదటి వారంలోనే ఇంకో భయం మొదలైంది.

అంకెలబావి
లెక్క ఇదిగో. 80 నిమిషాల్లో ప్రొఫెసర్ ప్రశ్నలకీ బోర్డు మీద రాయడానికీ ఒక 30 పోతాయనుకో. మిగిలినవి 50. ఒక్కొక్కరు నిమిషంన్నర మాట్లాడితే క్లాసుకి 33 అవకాశాలు. 30 క్లాసులకు 990. దాన్ని 90 మందికి పంచితే మనిషికి 11. అంటే ఒక్కో సబ్జెక్టులో మూడు క్లాసులకు ఒక్కసారి నోరు విప్పినవాడు సగటు విద్యార్థి! గలగలా మాట్లాడేవాళ్ళు ఎక్కువ వాటా తీసుకుంటారు కాబట్టి మిగతావాళ్ళకి అసలు సగటు ఇంకా తక్కువే. నువ్వు వెనకబడ్డావు, అది నిజం. కానీ ఇంకా ఇరవై క్లాసులున్నాయి. ప్రతి క్లాసులో, ప్రతి సబ్జెక్టులో మాట్లాడాలన్న బరువు ముందు దించుకో. రోజుకి ఒక్క సబ్జెక్టు ఎంచుకో, అది చాలు.

గుడ్లగూబ_2
ఈ లెక్క నాకు రెండేళ్ళ క్రితం ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది.

పాతకాపు
"పొరపాటున తీసుకున్నారా" అన్నదానికి నేను జవాబు చెబుతాను. నేను చదివిన స్కూలు కోసం నాలుగేళ్ళుగా పూర్వ విద్యార్థిగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. లోపల ఏం జరుగుతుందో కొంత తెలుసు.

ఒక అప్లికేషన్‌ని ఒక్కరే చదివి తేల్చేయరు. కనీసం ఇద్దరు చదువుతారు, విడివిడిగా తమ అభిప్రాయం రాస్తారు, తర్వాత కమిటీలో కూర్చుంటారు. డిగ్రీ మార్కులు, టెస్ట్ స్కోరు చూసేది మనిషి ఇక్కడి లెక్కల్ని తట్టుకోగలడా అని. ఆ గీత దాటాక స్కోరు ఇంకో ఇరవై పెరిగినంత మాత్రాన పెద్దగా తేడా ఉండదు. మిగిలిన కాలమంతా వాళ్ళు వెతికేది ఒకటే, ఈ మనిషి క్లాసులోకి ఏం తెస్తాడు అని. ఎస్సేలో చెప్పిన సంగతి రికమెండేషన్ లెటర్‌లో పై అధికారి చెప్పినదానితో కలుస్తోందా, రెజ్యూమెలో ఆ పని కనబడుతోందా, ఇంటర్వ్యూలో అడిగితే లోతుగా చెప్పగలిగాడా. నాలుగూ ఒకే మనిషిని చూపిస్తే నమ్మకం కుదురుతుంది.

ఫ్యాక్టరీ మనిషిని ఎందుకు తీసుకుంటారంటే, కేసు క్లాసులో పాఠ్యపుస్తకం విద్యార్థులే కాబట్టి. ఈ పద్ధతి లా కాలేజీల నుంచి వచ్చింది. 1870 ప్రాంతంలో హార్వర్డ్ లా స్కూల్లో లాంగ్‌డెల్ కోర్టు తీర్పులనే పాఠాలుగా పెట్టి ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. 1908లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పుట్టింది. 1919లో దానికి డీన్‌గా వచ్చిన డోనమ్ స్వయంగా లా చదివినవాడు. వ్యాపారంలో తీర్పులు ఉండవు కదా, అందుకని కంపెనీల సమస్యలనే రాయించాడు. 1921లో మొదటి కేసు వచ్చింది, ఒక చెప్పుల కంపెనీ గురించి. అందులో జవాబు లేదు, సమస్య మాత్రమే ఉంది. జవాబు గదిలో ఉన్నవాళ్ళ అనుభవంలోంచి రావాలి. 90 మందీ బ్యాంకు నుంచే వస్తే మిషన్ ఆగిపోయినప్పుడు రాత్రి షిఫ్టులో ఏం జరుగుతుందో ఎవరు చెబుతారు?

నీ అప్లికేషన్ ఎస్సే ఇంకా నీ దగ్గరే ఉంటుంది. ఈ రాత్రి కేసు పక్కన పెట్టి అది తీసి చదువు. వాళ్ళు ఏం చూసి నిన్ను పిలిచారో అందులోనే ఉంది.

చుక్కలలేడి
పాతకాపు గారి చివరి పేరా నేను కాపీ చేసి పెట్టుకున్నాను.

నీలిసిరా
నేను టీచర్ని, బిజినెస్ స్కూల్లో కాదు. నాకు ఈ మార్కుల పద్ధతి మీదే అభ్యంతరం. వేగంగా చెయ్యి ఎత్తడం వేరు, బాగా ఆలోచించడం వేరు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసుల్ని రికార్డు చేసి చూసింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, కారణాలతో సహా చెప్పడం మొదలుపెట్టారు, అంతవరకూ నోరెత్తనివాళ్ళు మాట్లాడారు. రెండంటే రెండు సెకన్ల తేడా! పరాయి భాషలో వాక్యం పేర్చుకునేవాడికి ఆ రెండు సెకన్లు ఇవ్వకుండా మార్కులు కోస్తే అది కొలిచేది తెలివిని కాదు.

మట్టిగడప
@నీలిసిరా ఒప్పుకోను. ఉద్యోగంలో మీటింగ్‌లో మూడు సెకన్లు ఎవరిస్తారు? నేను పదేళ్ళుగా మేనేజర్ని. మంచి ఆలోచన ఉండి చెప్పలేనివాడి ఆలోచన ఆ గదిలోంచి బయటికే రాదు. రెండేళ్ళు, తప్పు చెప్పినా ఉద్యోగం పోని చోట, మాట్లాడటం నేర్చుకునే అవకాశం అది. మార్కులు లేకపోతే నేనైతే చివరిదాకా చెయ్యి ఎత్తేవాణ్ణి కాదు.

నీలిసిరా
మీరు నేర్చుకున్నారు, మంచిదే. కానీ నేర్పించడం, వడగట్టడం ఒకటి కాదండీ. నేర్పించాలంటే ఎలా మాట్లాడాలో ఎవరైనా చెప్పాలి కదా. వాళ్ళు చేసింది మెయిల్ పంపడమే.

మట్టిగడప
మెయిల్ పంపి రమ్మన్నారు కూడా. ఐదో వారంలోనే పిలిచారంటే ఆ ప్రొఫెసర్‌కి పట్టింపు ఉన్నట్టే. పట్టనివాళ్ళు టర్మ్ చివర గ్రేడు వేసి ఊరుకుంటారు.

నీలిసిరా
ఆ మాట ఒప్పుకుంటాను. వెళ్ళి కలవమని నేనూ చెబుతాను. వెళ్ళినప్పుడు "నాకు భయం" అని ఆగిపోకు తమ్ముడూ, ఒకటి అడుగు. ఫలానా రోజు కేసు నేను బాగా తయారై వస్తాను, ఆ రోజు నన్ను పిలవండి అని. చాలామంది ఒప్పుకుంటారు.

చుక్కలలేడి
నాకు పనికొచ్చినవి చెబుతాను. నోట్‌బుక్‌లో పూర్తి వాక్యాలు రాయడం మానేశాను, అసలు చిక్కు అక్కడే ఉంది. వాక్యం రాసుకుంటే దాన్ని తప్పు లేకుండా అప్పజెప్పాలని మనసు పట్టుబడుతుంది. మూడు ముక్కలు రాసుకో: ఒక అంకె, ఒక కారణం, ఒక అనుమానం. అంతే. మాట దానంతటదే పుడుతుంది.

రెండోది, మొదటి పది నిమిషాల్లోనే చెయ్యి ఎత్తు. అప్పుడు ప్రొఫెసర్ అడిగేది కేసులో సమస్య ఏమిటి, ఎవరేం కోరుకుంటున్నారు లాంటివే. రాత్రి చదివినవాళ్ళందరికీ తెలిసినవి. గంట దాటాక చర్చ మెలికలు తిరుగుతుంది, అప్పుడు దూరడం నాకు ఇప్పటికీ కష్టమే.

ఇంకోటి, కొత్త విషయమే చెప్పాలని లేదు. "ఆమె చెప్పినదానికి నేను ఒక అంకె కలుపుతాను" అనడమూ మాట్లాడటమే. నువ్వు అనుకున్నది వేరొకరు అనేశారని చెయ్యి దించేస్తున్నావు చూడు, సరిగ్గా అప్పుడే ఎత్తాలి. వాళ్ళ మాటకి నీ కాగితం మీది లెక్క జతచెయ్యి.

రెండోవరుస
అక్కా, పూర్తి వాక్యాలు రాయడం గురించి చెప్పారు చూడండి, నేను చేస్తున్నది సరిగ్గా అదే. స్టడీ గ్రూప్ సంగతేంటి? మాది ఐదుగురి గ్రూప్. రోజూ పొద్దున అరగంట కలుస్తాం, కానీ ఎవరి లెక్కలు వాళ్ళు సరిచూసుకుని లేస్తున్నాం.

చుక్కలలేడి
ఆ అరగంటలో పది నిమిషాలు లెక్కలకి, మిగతాది పైకి మాట్లాడటానికి పెట్టండి. కేసులో నిర్ణయం నువ్వే తీసుకోవాల్సి వస్తే ఏం చేస్తావో ఒక్క నిమిషంలో చెప్పు, మిగతావాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తారు. పొద్దున ఒకసారి నోటితో అన్న మాట క్లాసులో సులువుగా వస్తుంది. ఐదుగురి ముందు తడబడితే ఏమీ కాదు.

గుడ్లగూబ_2
కాస్త పక్కకి పోతున్నాను కానీ ఇది కూడా చెప్పాలి. రెండేళ్ళ కోర్సుల్లో మొదటి టర్మ్ సగంలోనే ఇంటర్న్‌షిప్ కోసం కంపెనీల హడావుడి మొదలవుతుంది. సాయంత్రం కంపెనీ వాళ్ళ ప్రెజెంటేషన్, తర్వాత క్లబ్ మీటింగ్, ఆ తర్వాత రేపటి మూడు కేసులు. నిద్ర లేనివాడికి ఏ భాషలోనూ మాట రాదు. నేను ఆరు క్లబ్బుల్లో చేరి నాలుగింటి నుంచి బయటపడ్డాకే క్లాసులో మాట్లాడగలిగాను. నువ్వు రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవడం గొప్పగా అనుకుంటున్నావేమో, అది తగ్గించు. మూడు కేసుల్లో ఒకటి లోతుగా, రెండు పైపైన చదివితే సరిపోతుంది. మొదట్లో పాపం చేస్తున్నట్టు ఉంటుంది. అలవాటైపోతుంది.

తొలకరి
నాది పది నెలల కోర్సు, మధ్యలో ఇంటర్న్‌షిప్ కూడా లేదు. రెండేళ్ళున్న నీకు తేరుకోడానికి టైమ్ ఉంది, ధైర్యంగా ఉండు.

మళ్ళీ_మొదటిరౌండ్
ముందు నేను అన్న మాటకి సారీ. పాతకాపు గారి పోస్టు రెండుసార్లు చదివాను. పోయిన ఏడాది నా ఎస్సేలో ఏం తప్పుందో ఇప్పుడు అర్థమైంది. ఎస్సేలో "నాయకత్వం" అని రాశాను, నా మేనేజర్ లెటర్‌లో "లెక్కల్లో దిట్ట" అని రాశారు. ఇద్దరు వేర్వేరు మనుషుల్లా ఉన్నాం.

ఇంకో అనుమానం. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో నా స్కోరు 645. అందరూ 700 లేకపోతే దండగ అంటున్నారు. మళ్ళీ రాయాలా?

అంకెలబావి
@మళ్ళీ_మొదటిరౌండ్ ఆగాగు. నీది కొత్త పరీక్ష, వాళ్ళు చెబుతున్నది పాత పరీక్ష. 2023 చివర్లో జీమ్యాట్ మారింది. ఇప్పుడు 45 నిమిషాల చొప్పున మూడే భాగాలు, మొత్తం 64 ప్రశ్నలు, వ్యాసం లేదు. స్కోరు 205 నుంచి 805 వరకు, చివరి అంకె ఎప్పుడూ 5 ఉంటుంది. పాతది 200 నుంచి 800, చివర 0. చివరి అంకె చూస్తే చాలు ఏ పరీక్షో తెలిసిపోతుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టకూడదు, పర్సంటైల్ చూడాలి. ఆ లెక్కన నీ 645 దాదాపు పాత 700 దగ్గరే ఉంటుంది. స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది. నేనైతే మళ్ళీ రాయను, ఆ నెల ఇంటర్వ్యూకి పెడతాను.

పాతకాపు
అంకెలబావితో ఏకీభవిస్తున్నాను. ఇంటర్వ్యూకి ఒక్క మాట: కొన్ని స్కూళ్ళలో ఇంటర్వ్యూ చేసేవాళ్ళు నీ అప్లికేషన్ మొత్తం చదివి వస్తారు, కొన్నింట్లో చేతిలో రెజ్యూమె తప్ప ఏమీ ఉండదు. ఏదో ముందే కనుక్కో. మొదటి రకంలో ఎస్సేలో రాసిందే మళ్ళీ చెబితే వాళ్ళకి విసుగు, రెండో రకంలో అది చెప్పకపోతే నీకు నష్టం. పోయినసారి కాదన్న స్కూలుకే మళ్ళీ వేస్తే, ఈ ఏడాదిలో ఏం మారిందో తప్పకుండా అడుగుతారు.

మట్టిగడప
@రెండోవరుస ప్రొఫెసర్‌ని కలిశావా? ఏమన్నారు?

రెండోవరుస
నాలుగు రోజులుగా రాయలేకపోయాను, క్షమించండి. కలిశాను. ఆయన మొదట అడిగింది "ఫ్యాక్టరీలో ఏం చేసేవాడివి" అని. చెబుతూ పోయాను. ఇరవై నిమిషాలు నేనే మాట్లాడాను, ఆయన ఆపలేదు. చివర్లో "ఇదే గొంతు నాకు క్లాసులో కావాలి" అన్నారు. నీలిసిరా గారు చెప్పినట్టు ఒక రోజు ఎంచుకుంటానని అడిగాను. గురువారం ఆపరేషన్స్ కేసు ఉంది, దాంట్లో పిలుస్తానన్నారు.

ఆ కేసులో మూడు మిషన్ల లైను. గంటకి మొదటిది 40, రెండోది 25, మూడోది 50 పీసులు చేస్తాయి. కంపెనీ డబ్బు పెట్టి మూడో మిషన్ మార్చాలనుకుంటోంది, అది పాతబడి తరచూ ఆగిపోతోందని. క్లాసులో చాలామంది మార్చాలనే అన్నారు. నా నోట్‌బుక్‌లో మూడే ముక్కలు రాసుకున్నాను: 25, మధ్యది, రాత్రి షిఫ్టు.

ఆయన పిలిచారు. లేచి, లైను మొత్తం గంటకి 25 కంటే ఎక్కువ ఇవ్వలేదు, మూడోది ఎంత కొత్తదైనా, అన్నాను. మూడోది ఒక గంట ఆగితే దాని ముందు 25 పీసులు పేరుకుంటాయి, తిరిగి నడిస్తే గంటకి 50 చేయగలదు కాబట్టి ఇంకో గంటలో ఆ బాకీ తీరిపోతుంది. మధ్యది గంట ఆగితే ఆ 25 పీసులు ఎప్పటికీ తిరిగి రావు. అందుకని డబ్బు, మంచి మెకానిక్, స్పేర్ పార్టులు అన్నీ మధ్య మిషన్ దగ్గర ఉండాలి. ఇది నేను పుస్తకంలో చదవలేదు, ఆరేళ్ళు రాత్రి షిఫ్టుల్లో ఏ మిషన్ ఆగితే ఫోన్లు ఎక్కువ వస్తాయో చూసి తెలుసుకున్నాను.

మధ్యలో ఒక ఇంగ్లీష్ మాట గుర్తురాక ఆగిపోయాను. గది ఎదురు చూసింది. మూడు సెకన్లు ఉంటుందేమో. తర్వాత మాట దొరికింది.

నీలిసిరా
మూడు సెకన్లు! చదివి కళ్ళు చెమ్మగిల్లాయి బాబూ.

గుడ్లగూబ_2
బ్యాంకువాళ్ళు ఏమన్నారు?

రెండోవరుస
పక్క సీటు అతను పెట్టుబడుల బ్యాంకులో చేసి వచ్చాడు. క్లాసయ్యాక వచ్చి, మిషన్ల ముందు పేరుకునే సరుకు గురించి ఇంకా చెప్పమన్నాడు. లైనులో నిలిచిన సరుకుని గంటకి బయటికొచ్చేదానితో భాగిస్తే ఒక్కో పీసుకి పట్టే సమయం వస్తుందనే 'లిటిల్స్ లా' అతనికి సూత్రంగానే తెలుసట. లైనులో 100 పీసులు నిలిచి, గంటకి 25 బయటికొస్తుంటే, లోపలికి వెళ్ళిన పీసు బయటపడటానికి 4 గంటలు పడుతుంది. నేను ఆ 4 గంటల్ని నేల మీద చూసినవాణ్ణి కదా, కాగితం మీద గీసి చూపించాను. బదులుగా అతను నాకు ఫైనాన్స్ చెబుతానన్నాడు. ఫైనాన్స్‌లో ఇంకా నోరు విప్పలేదు, అక్కడ భయం అలాగే ఉంది.

అంకెలబావి
ఫైనాన్స్‌లో 20 క్లాసులు మిగిలాయన్నావు కదా, ఇప్పుడు 18 అయుంటాయి. ఆరుసార్లు చాలు.

మట్టిగడప
ఫైనాన్స్‌లో తరుగుదల వచ్చిన రోజు చెయ్యి ఎత్తు. మిషన్ పదేళ్ళకి అరిగిపోతుందని కాగితం అంటుంది, నిజంగా ఎప్పుడు అరుగుతుందో నీకు తెలుసు.

మళ్ళీ_మొదటిరౌండ్
ఇప్పుడే మెయిల్ వచ్చింది. ఒక స్కూలు ఇంటర్వ్యూకి పిలిచింది! అప్లికేషన్ మొత్తం చదివి వచ్చే రకమే. పన్నెండు రోజులుంది. చేతులు వణుకుతున్నాయి టైప్ చేస్తుంటే.

చుక్కలలేడి
చాలా సంతోషం!! పూర్తి వాక్యాలు రాసుకోవద్దు, గుర్తుందిగా.

రెండోవరుస
@మళ్ళీ_మొదటిరౌండ్ కంగ్రాట్స్! నన్ను ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలు అప్పుడే రాసిపెట్టుకున్నాను, పద్నాలుగు ఉన్నాయి. రేపు పొద్దున ఫైనాన్స్ కేసు ఉంది, బాండ్ల మీద. అది చదివేసి, పదకొండు లోపు నీకు అవన్నీ పంపుతాను. కావాలంటే ఆదివారం ఫోన్‌లో నేను అడుగుతాను, నువ్వు జవాబు చెప్పు.

మళ్ళీ_మొదటిరౌండ్
కావాలి. ఆదివారం ఎన్నింటికి?